బట్టతలకి కటింగ్

గొంతు మీద కత్తి ఉన్నప్పుడు మనిషిని నవ్వించకూడదు. ఆ వీధిలో మూడు తరాల గడ్డాలు గీసిన పెద్దాయనకి వృత్తిలో ఉన్న నీతి అదొక్కటే. మిగతా నీతులన్నీ గోడ మీది క్యాలెండరుకి వదిలేశాడు.

ఆయన్ని అందరూ కోతల మాస్టారు అంటారు. కత్తెరతో కోసేది సగం, నోటితో కోసేది సగం. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టించుకున్న మనిషి కుర్చీలోంచి లేచేలోపు ఒక కథ పూర్తయ్యేది. విన్న కథలు కావు, చదివినవి కావు, అప్పటికప్పుడు అల్లినవి. కథకి కొలత గడ్డమే. నురుగు రాస్తున్నంతసేపూ మనిషినీ ఊరినీ పరిచయం చేసేవాడు. ఎడమ చెంప మీద చిక్కు మొదలయ్యేది, కుడి చెంప మీద ముదిరేది. కత్తి గడ్డం కిందికి దిగగానే కథ ఆగిపోయేది. ఆ కాసేపు షాపులో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు కూడా ఊపిరి బిగబట్టేవాళ్లు. తడి తువ్వాలు మొహం మీద పడ్డాక, ఇక ఎంత కదిలినా ఫర్వాలేదన్నాక, కొసమెరుపు వదిలేవాడు. తువ్వాలు లోపల్నుంచి నవ్వు బుడబుడమని వచ్చేది.

ఈ అలవాటు భయంలో పుట్టింది. మాస్టారి తండ్రి నోట్లోంచి మాట రాని మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకుని, మొట్టమొదటిసారి ఒకరి గొంతు మీద కత్తి పెట్టాల్సి వచ్చినప్పుడు కుర్రవాడి చెయ్యి వణికింది. ఆ వణుకు కుర్చీలో మనిషికి తెలియకుండా ఏదో ఒకటి మాట్లాడాలి. నోటికొచ్చింది మాట్లాడాడు. మాట సాగుతుంటే చెయ్యి కుదురుకుంది. పెళ్లయ్యేనాటికి చెయ్యి వణకడం మానేసింది, నోరు మాట మానలేదు.

వయసు పెరిగితే ఊహ ఎండిపోతుందా, పండుతుందా అని అడిగితే లోకం దగ్గర రెండు తయారు జవాబులున్నాయి. ఎండిపోతుందనేవాళ్లు కుర్రకారు. పండుతుందనేవాళ్లు రిటైర్మెంటు సభల్లో వక్తలు, గోడగడియారం చేతికివ్వబోయే ముందు. రెండు జవాబుల్లోనూ సుఖం ఒక్కటే. చెప్పేవాడు ఏ ముసలాణ్నీ దగ్గరగా చూడనక్కర్లేదు. మాస్టారిని దగ్గరగా చూస్తే మాత్రం సంగతి ఇంకో దారి పట్టింది.

అది గుమాస్తా గారి మీసంతో మొదలైంది. ఆయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. తల గుడ్డులా నున్నగా ఉంటుంది, గడ్డం మాత్రం గరిక. రోజు విడిచి రోజు వచ్చి మాస్టారి మూల కుర్చీలో కూర్చునేవాడు. "ఉద్యోగమంతా ప్రమాణం చేసి చెప్పిన మాటలు విన్నానయ్యా, ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు. నీ కోతలే నయం, అతుకు కనపడదు" అనేవాడు.

ఆ రోజు మీసం కూడా తీసేయమన్నాడు. ముద్దు పెట్టుకోబోతే మనవడు గుచ్చుకుంటోందని మొహం తిప్పేసుకుంటున్నాడట. మీసం తీయడం చిన్న పనే. కానీ మాస్టారి కథాక్రమంలో దానికి చోటు లేదు. పై పెదవి మీద కత్తి ఉన్నంతసేపూ మామూలుగా గొంతు దగ్గర ఆగినట్టే ఆగాడు. ఆగడం అయిపోయింది కాబట్టి గొంతు కూడా అయిపోయిందనుకున్నాడు. గొంతు ఇంకా కాలేదు.

ఆ రోజు కథలో మనిషికి తన గురక అంటేనే భయం. తన గురక తనకి వినపడకూడదని పక్కింటికి వెళ్లి పడుకోవడం మొదలుపెట్టాడు. మాస్టారు కత్తిని గడ్డం కిందికి దించుతూ, తువ్వాలు దగ్గర అనాల్సిన మాట అనేశాడు.

"పొద్దున్నే పక్కింటావిడ వచ్చి వాళ్లావిణ్ని అడిగిందట, 'మీ ఆయన మా ఇంట్లో పడుకుంటే, మీ ఇంట్లో వినపడిన గురక ఎవరిదమ్మా?' అని."

గుమాస్తా గారు పకపకమన్నాడు. గొంతు ముడి ఎగిరింది. కత్తి అక్కడే ఉంది.

పెద్ద గాయమేం కాదు. సన్నటి ఎర్ర గీత, పటిక రాస్తే ఆగిపోయింది. గుమాస్తా గారు మంటకి "అబ్బా" అంటూనే, "ఇంతకీ గురక ఎవరిదయ్యా?" అని ఇంకా నవ్వుతున్నాడు. కానీ తెల్లగుడ్డ మీద పడిన చుక్కల్ని బెంచీ అంతా చూసింది. పక్క కుర్చీ దగ్గర పనిచేస్తున్న మాస్టారి కొడుకు చూశాడు. మాస్టారు మాత్రం తన చేతినే చూసుకుంటూ నిలబడ్డాడు. అది వణకలేదు. వణికుంటే బాగుండుననిపించింది ఆయనకి. చెయ్యి తప్పితే ముసలితనం అనుకోవచ్చు. ఇక్కడ తప్పింది కథ.

షాపు ఇప్పుడు కొడుకు పేరు మీద నడుస్తోంది. కొడుకు తాత పోలిక, మాట పొదుపు, పని శుభ్రం. సాయంత్రం నేల ఊడుస్తూ మొదలుపెట్టాడు.

"నాన్నా, ఇక నువ్వు కత్తి పట్టుకోవద్దు."

"ఒక్క గీత పడిందిరా."

"ఈసారికి గీతే."

"సరే, మాట్లాడను. నోరు కుట్టేసుకుని గీస్తాను. సరేనా?"

"నీ నోరు కుట్టే దారం ఇంకా పుట్టలేదులే." కొడుకు చీపురు పక్కన పెట్టాడు. "అయినా నీకెందుకు నాన్నా ఈ నిలబడటం? హాయిగా బెంచీ మీద కూర్చుని కథలు చెప్పు. గడ్డాలు నేను చూసుకుంటా. జనం నీ కథల కోసమేగా వచ్చేది."

కత్తితోపాటు కత్తెర కూడా కొడుకు సొరుగులోకి వెళ్లింది. కత్తెర ఏం పాపం చేసిందిరా అంటే, "నువ్వు చెవుల దగ్గర కూడా నవ్విస్తావు" అన్నాడు. కష్టం తీసేసి సుఖం మిగిల్చే ఏర్పాటు. ఇంతకంటే న్యాయమైనది ఉండదని అందరూ అనుకున్నారు. మాస్టారూ అనుకున్నాడు.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని బెంచీ మధ్యలో కూర్చున్నాడు. అటూ ఇటూ జనం సర్దుకున్నారు.

"కానివ్వండి మాస్టారూ."

"ఒకాయన ఉండేవాడు."

"ఊఁ."

"ఉండేవాడా..."

"ఊఁ, ఉండి?"

మాస్టారు చేతులు ఒళ్లో పెట్టుకుని వాటి వంక చూశాడు. "ఉండేవాడు. అంతే."

ఇదేదో కొత్త తరహా జోకనుకుని అందరూ గొల్లుమన్నారు. మరుసటి రోజు కూడా ఆయన ఉండేవాడు, అంతే. తరవాత ఎవరూ నవ్వలేదు. అడగడం కూడా మానేసి ఫోన్లు తీశారు.

మాస్టారు గోడ వైపు తిరిగి ప్రయత్నించాడు, కళ్లు మూసుకుని ప్రయత్నించాడు. పాత కథలు పిలిస్తే వస్తున్నాయి, పెన్షను తీసుకోడానికి వచ్చినట్టు వరసగా నిలబడుతున్నాయి. కొత్తది ఒక్కటీ రావడం లేదు. మాస్టారికి పాత కథ చెప్పడమంటే ఒకరికి కట్టిన గుడ్డ దులపకుండా ఇంకొకరికి కట్టడం.

బెంచీ దాని తీర్పులు అది చెప్పింది. వయసండీ, అన్నారొకరు. రక్తం చూసి జడుసుకున్నాడు, అన్నారొకరు. ఎంత ఊట బావైనా ఎప్పటికో అప్పటికి ఇంకిపోక తప్పదు, అని ఇంకొకాయన నిట్టూర్చాడు. నిట్టూర్పులో కాస్త తృప్తి కూడా ఉంది. తనకి ఏనాడూ లేనిది ఇంకొకరికి పోయిందంటే మనిషికి ఆ మాత్రం ఊరట ఉంటుంది.

కొడుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు తేదీ అడిగాడు, వారం అడిగాడు, వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నాడు. మాస్టారు అన్నిటికీ జవాబు చెప్పి, "మీకు చెవి పక్కన ఎడమవైపు పొట్టిగా కోశారు, ఎవరండీ ఆయన?" అని అడిగాడు.

"నాకంటే ఈయన బుర్రే నయం" అన్నాడు డాక్టరు.

"మరి కథలు రావట్లేదండీ" అన్నాడు కొడుకు.

డాక్టరు కలం మూత పెట్టాడు. "దానికి నా దగ్గర మందు లేదు బాబూ. నాకూ చిన్నప్పుడు బొమ్మలు వేయడం వచ్చేది."

ఇంట్లో మాత్రం ఒక మనిషికి ఏ లోటూ తెలియలేదు. కొడుకు కూతురు. తిండి తినిపించేటప్పుడు ఆ పిల్లకి కథ ఉండాలి. పిల్లల ఊహకి రెక్కలుంటాయని రాసేవాళ్లు ఏ పిల్లకీ ఒక్క పూటైనా తినిపించి ఉండరు. పిల్లల్ని మించిన ఛాందసులు లేరు.

"గాడిదకి సాక్ష్యానికి రమ్మని కోర్టునుంచి పిలుపొచ్చింది. ఎర్ర గొడుగు వేసుకుని వెళ్లింది."

"నల్ల గొడుగు."

"పోనీ, నల్లది. జడ్జీగారు అడిగాడు..."

"ముందు దగ్గాడు తాతా. దగ్గాక అడిగాడు."

"దగ్గాడు, ఖళ్ ఖళ్. దగ్గి, ఈసారి ఏమడిగాడంటే..."

"ఈసారి లేదు! అడిగిందే అడిగాడు!"

కొత్త మలుపు ఏది పెట్టబోయినా ముద్ద బుగ్గలోనే ఉంచుకుని తల అడ్డంగా ఊపేది. ఆ పిల్ల దృష్టిలో తాత ఊట ఇంకిందీ లేదు, ఊరవలసిన అవసరమూ లేదు. ఉన్నవి చాలు, గొడుగు రంగు మారకుండా ఉంటే.

"చెప్పినవే చెబుతున్నానే" అన్నాడు మాస్టారు భార్యతో, ఆమె ఆరిన బట్టలు మడతపెడుతుంటే.

"పెళ్లైన కాణ్నుంచీ నాకు చెప్పినవేగా చెబుతున్నారు. నేనేమైనా అన్నానా?"

"నవ్వులాట కాదు. లోపల ఏమీ లేదు. గరిటె పెడితే అడుగు తగులుతోంది."

ఆమె మడతపెడుతున్న దుప్పటి ఆపి ఆయన వంక చూసింది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆ మనిషి ఏడిపించడానికి తప్ప అలాంటి గొంతుతో మాట్లాడలేదు. దుప్పటి రెండో కొస ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి మడతపెట్టారు. ఆ తరవాత తువ్వాళ్లు, చొక్కాలు. మడతలు బ్రహ్మాండంగా వచ్చాయి. కథ రాలేదు.

క్రమంగా షాపుకి వెళ్లడం తగ్గించాడు. ఒకరోజు తనే అన్నాడు.

"ఆ మూల కుర్చీ తీసెయ్యరా. ఊరికే చోటు దండగ."

కొడుక్కి తల కడిగే తొట్టి ఒకటి పెట్టాలని ఎప్పట్నుంచో ఉంది. ఆ మూల తప్ప చోటు లేదు. అయినా మాట తడబడింది. "నిజంగానే అంటున్నావా నాన్నా?"

"నేనేం రోజూ అబద్ధాలే చెబుతానా?" అన్నాడు మాస్టారు. అని, తనన్న మాటకి తనే నవ్వబోయి మానేశాడు. ఆ కుర్చీ పోతే ఆయన మళ్లీ ఆ షాపు గడప తొక్కడని కొడుకుకి తెలుసు. ఆయనకీ తెలుసు.

తొట్టి బిగించడానికి పంపుల మేస్త్రీ పైపులూ పానాలూ తెచ్చుకుని వచ్చేసరికి మూల కుర్చీలో గుమాస్తా గారు కూర్చుని ఉన్నాడు. గొంతు మీది గీత ఎప్పుడో మానింది. ఇన్నాళ్లూ కొడుకు చేత మౌనంగా గడ్డం చేయించుకుని వెళ్తున్న మనిషి ఆ రోజు పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా అటు చూడలేదు.

"గుమాస్తా గారూ, అది ఇవాళ తీసేస్తున్నాం. ఇటు రండి, గడ్డం చేస్తాను" అన్నాడు కొడుకు.

"గడ్డం కాదు. కటింగ్."

బెంచీ మీద ఫోన్లు దిగాయి.

"కటింగా? ఎక్కడండీ?"

"తలకి. నీ షాపులో కటింగ్ ఇంకెక్కడైనా చేస్తారా?"

"అది కాదండీ, అక్కడ ఏముందని..."

"ఏముందో చూడాల్సింది మీ నాన్న. పిలువు. అందాకా లేవను. ఏం మేస్త్రీ, నన్ను కూడా కలిపి విప్పుతావా?"

"నాకు పంపులు విప్పడమే వచ్చండీ, మనుషుల్ని విప్పడం రాదు" అని మేస్త్రీ పైపుల కట్ట మీద కూర్చున్నాడు.

మాస్టారు ఇంట్లో చొక్కాతోనే వచ్చాడు, మొహం ముడుచుకుని.

"ఏంటండీ ఈ వేళాకోళం?"

"వేళాకోళం కాదయ్యా. గొంతు నాది, నవ్వు నాది, శిక్ష నీకు పడింది. నా సర్వీసులో ఇలాంటి తీర్పు చూళ్లేదు."

"తప్పు నాదే. చోటు తప్పాను."

"అయితే చోటు తప్పనక్కర్లేని పని చెయ్యి. నా తలకి కటింగ్ చెయ్యి. తెగడానికి అక్కడ ఏముంది?"

"ఏమీ లేనిచోట ఏం చెయ్యమంటారు?"

"కత్తెర ఆడించు. చప్పుడు విని చాలా రోజులైంది. మీవాడు మిషనే పెడతాడు, తేనెటీగలా జుయ్యిమంటుంది, నిద్ర రాదు, నవ్వూ రాదు."

మాస్టారు కొడుకు వంక చూశాడు. కొడుకు సొరుగు లాగి కత్తెర తీసి, చొక్కా అంచుకి తుడిచి, పిడి తండ్రి వైపు ఉండేట్టు అందించాడు. వాళ్ల తాత ఉంటే అలాగే అందించేవాడేమో.

గుడ్డ కట్టడం, మెడ దగ్గర ముడి సర్దడం, సీసాతో నీళ్లు చల్లడం. చల్లిన నీళ్లు బట్టతల మీద ఆగకుండా జారిపోయాయి. బెంచీ పెదవులు బిగించుకుంది. మాస్టారు కత్తెర ఎత్తి గాలిలో ఆడించాడు.

"ఒకాయన ఉండేవాడు."

కత్తెర చప్పుడు కాసేపు సాగింది. ఆయన ఉండేవాడు, అంతే. ఇక్కడ అద్భుతం జరగాలని చదివేవాళ్లకి ఉంటుంది. జరగలేదు. గాలిని కత్తిరిస్తున్నందుకు చేతికే సిగ్గుగా ఉంది. ఇది నాటకమని దానికి తెలుసు. గుమాస్తా గారు కళ్లు మూసుకునే "ఊఁ" అన్నాడు. మాస్టారు చెయ్యి దించేశాడు. ఇక గుడ్డ విప్పుదామని వంగాడు.

వంగితే కనపడింది. ఎడమ చెవి వెనక, మడతలో, ఒక్కటంటే ఒక్క వెంట్రుక. తెల్లగా, సాలెపోగంత సన్నగా, ఎన్నాళ్లనుంచి ఎవరి కంటా పడకుండా పెరిగిందో, సగం మెడ దాకా ఉంది.

"కదలకండి" అన్నాడు మాస్టారు. గొంతు మారింది.

చెవి మడిచి పట్టుకున్నాడు. దువ్వెన మొనతో లేపబోతే జారిపోయింది. మళ్లీ లేపాడు, మళ్లీ జారింది. నోట్లో తిట్టుకుని, తల పక్కకి వంచి, రెండు కళ్లూ ఆ పోగు మీదే పెట్టాడు. షాపు లేదు, బెంచీ లేదు, తొట్టి లేదు. ఆ వెంట్రుక దువ్వెన మీదికి ఎక్కిన క్షణంలో నోరు, ఇన్నాళ్లూ కాపలాలో ఉన్న నోరు, ఎవరూ చూడట్లేదనుకున్నట్టు తెరుచుకుంది.

"పొద్దున్నే లేచి చూసేసరికి ఇంట్లో ఒక తలుపు ఎక్కువగా ఉంది."

"ఎవరింట్లో?" అన్నాడు గుమాస్తా గారు కళ్లు తెరవకుండా.

"ఆయన ఉండేవాడన్నానే, ఆయనింట్లో. కదలొద్దన్నానా?" కత్తెర మొన వెంట్రుక చివర ఆవగింజంత కొరికింది. "రాత్రి పడుకునేటప్పుడు అక్కడ గోడ. పొద్దున తలుపు. రంగు కూడా పాతబడి ఉంది. వాళ్లావిణ్ని అడిగాడు. 'ఎప్పట్నుంచో ఉంది, ఇల్లు ఊడ్చేవాళ్లకి తెలుస్తుంది' అంది."

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారికి వినపడలేదు. వెంట్రుకని మళ్లీ దువ్వెన మీద పరుస్తున్నాడు.

"ఇంటి ఓనరు వచ్చి చూశాడు. తలుపు ఎక్కువుంటే అద్దె ఎక్కువన్నాడు. అటుపక్క ఏముందో తెలియకుండా అద్దె ఎలా కడతానండీ అంటే, 'నువ్వు తెరిస్తే ఇంకా ఎక్కువ' అన్నాడు."

నిజం చెప్పాలంటే, ఈ కథకి పాతవాటి బిగువు లేదు. పాత కథలు తువ్వాలు దగ్గర్నుంచి వెనక్కి అల్లినవి. కొసమెరుపు ముందే చేతిలో ఉండేది, మిగతాదంతా దాన్ని దాచిపెట్టడమే. ఇది ఎటో నడుస్తోంది. మధ్యలో ఆ తలుపు ఆయనకి ఒక అన్న ఊడిపడ్డాడు, ఏ పనీ చెయ్యకుండానే వెళ్లిపోయాడు. "జోకెప్పుడొస్తుంది?" అని బెంచీ చివర ఒకాయన పక్కాయన్ని గొణిగి అడిగాడు. ఇది పండటమంటే వక్తలు ఒప్పుకోరు. ఎండిందనడానికి కుర్రకారుకీ నోరు రాదు.

"అవతల్నుంచి చప్పుడేమైనా వస్తోందా అండీ?" అన్నాడు పంపుల మేస్త్రీ ఉండబట్టలేక. "చుక్క చుక్క పడుతున్నట్టు?"

మాస్టారు కత్తెర ఆపి ఆలోచించాడు. ఇంతకు ముందు కథ మధ్యలో ఎవరైనా అడ్డొస్తే కసురుకునేవాడు.

"వస్తోంది" అన్నాడు.

"అయితే లోపల పంపుంది. వాషరు పోయుంటుంది."

"అయ్యుండొచ్చు. ఆయనా అదే అనుకున్నాడు."

కొడుకు చేతిలో మిషను ఎప్పుడో ఆగిపోయింది. ఈలోపు పక్క కుర్చీ ఎక్కిన మనిషి తల ఒకవైపే పూర్తయి ఉంది, ఆయనా మూల కుర్చీ వైపే తిరిగి వింటున్నాడు. కొడుకు మెల్లగా మేస్త్రీ దగ్గరికి వెళ్లి చెవిలో అడిగాడు.

"తొట్టి ఆ గుమ్మం పక్క గోడకి పెట్టలేమా?"

"పెట్టొచ్చు. చుట్టూ తిప్పి తీసుకురావాలి, పైపు బోలెడు పడుతుంది."

"పడితే పడనీ."

"ఉండండి, ముందు ఆ తలుపు సంగతి తేలనీండి" అన్నాడు మేస్త్రీ.

గుమాస్తా గారి గడ్డం ఛాతీ మీదికి వాలింది. ఊపిరి నిండుగా, లయగా వస్తోంది. కత్తెర చప్పుడు వింటూ మనిషి హాయిగా నిద్రపోయాడు.

"మాస్టారూ, ఆయన పడుకున్నారండీ" అన్నారెవరో.

"తెలుసు."

గొంతు తగ్గించాడు, అంతే. ఇప్పుడు దించాల్సిన కత్తి లేదు, వెయ్యాల్సిన తువ్వాలు లేదు, కథ ఇక్కడికి అయిపోవాలని చెప్పే గడ్డం లేదు. ఆ తలుపు వెనక పంపుందో, గది ఉందో, వట్టి గోడే ఉందో మాస్టారికి తెలియదు. అలా తెలియకుండా కథ చెప్పడం ఆయనకి ఇదే మొదటిసారి. వెంట్రుక ఇంకా వేలెడు పొడవు మిగిలి ఉంది. దాన్ని జాగ్రత్తగా దువ్వెన మీదికి తీసుకున్నాడు.

"గడియ మీద చెయ్యి వేశాడు" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.